సెక్షన్ రాసిన రోజే సగం తీర్పు

కాజీపేట నుంచి డోర్నకల్ మీదుగా విజయవాడ పోయే రైలుమార్గంలో కేసముద్రం ఒక స్టేషన్. ఒకవైపు రైలెక్కితే వరంగల్, హైదరాబాద్; ఇంకోవైపు ఎక్కితే ఖమ్మం, విజయవాడ. మక్కలు, మిర్చి, వడ్లు అమ్ముకునే రైతులతో నిండే మార్కెట్ ఊరు. చుట్టూ తండాలు. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. ఇలాంటి చోటు నుంచి ఒక ఆడపిల్లను పని ఇప్పిస్తామని తీసుకుపోయి అమ్మేస్తే కోర్టు ఏం చేస్తుంది? ఒడిశా నుంచో బీహార్ నుంచో ఒక పిల్లవాణ్ని తెచ్చి మన రాష్ట్రంలో పనిలో పెడితే ఏ శిక్ష పడుతుంది? చట్టం పుస్తకం తెరిస్తే జవాబు గట్టిగానే ఉంటుంది. కోర్టు గుమాస్తా దగ్గరున్న కేసు కట్టలు విప్పితే ఆ గట్టితనం కనిపించదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎక్కడెక్కడ పుడుతోందో చూడడమే ఈ వ్యాసం పని.

ముందు చట్టం. 2013లో వచ్చిన సవరణ ఐపీసీ 370వ సెక్షన్‌ను కొత్తగా రాసింది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 143 అయింది. పద్దెనిమిదేళ్లు నిండని ఒకరిని రవాణా చేస్తే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఒకరికంటే ఎక్కువ మంది పిల్లలైతే కనీసం 14 ఏళ్లు. పిల్లల రవాణాలో రెండోసారి శిక్ష పడినవాడైనా, ఇందులో చేతులు కలిపిన పోలీసైనా, ప్రభుత్వోద్యోగైనా బతికున్నంత కాలం జైల్లోనే ఉండాలి. రవాణా అయిన బిడ్డ అని తెలిసీ లైంగికంగా వాడుకున్నవాడికి 144 కింద 5 నుంచి 10 ఏళ్లు. దానికి పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) తోడైతే, తీవ్రమైన లైంగిక దాడికి 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కింద బాలికను వ్యభిచారంలోకి దించినవాడికి కనీసం 7 ఏళ్లు. శిక్షలు చాలడం లేదని ఎవరైనా వేదికల మీద అంటే నమ్మకండి. శిక్షలు సరిపోయినంత ఉన్నాయి. కేసే అక్కడిదాకా పోవడం లేదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద మనుషుల అక్రమ రవాణా కేసులు 2,250. అందులో 391 తెలంగాణవే, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. ఆ ఏడాది బాధితుల్లో 2,878 మంది పిల్లలు. తెలంగాణ పైన నిలవడానికి ఒక కారణం ఇక్కడ పోలీసులు ఈ నేరాన్ని ఈ పేరుతో నమోదు చేయడం. ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ దేశంలో విచారణ ముగిసిన కేసుల్లో శిక్ష పడేవి ఐదో వంతుకు మించడం లేదు. పోలీసులు దాడి చేసి పిల్లల్ని విడిపించిన మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. నాలుగేళ్ల తర్వాత కేసు కొట్టేసిన రోజు ఎవరూ రాయరు.

పిల్లల రవాణా కేసు మిగతా నేరాల్లాంటిది కాదు. 2020 అక్టోబరులో మహబూబాబాద్ పట్టణంలో తొమ్మిదేళ్ల బాలుణ్ని డబ్బు కోసం ఎత్తుకుపోయి చంపేశారు. ఊరంతా కదిలింది. తల్లిదండ్రులు ఫిర్యాదుదారులు, ఫోన్ కాల్స్ సాక్ష్యం. 2023లో జిల్లా కోర్టు నిందితుడికి మరణశిక్ష వేసింది. అక్కడ కేసును మోసుకెళ్లే మనుషులున్నారు. రవాణా కేసులో తరచూ ఫిర్యాదుదారే ఉండరు. పంపింది మేనమామ కావచ్చు, అడ్వాన్సు తీసుకుంది తండ్రి కావచ్చు. బిడ్డకు తాను బాధితురాలినన్న సంగతే తెలియకపోవచ్చు. కేసు మొత్తం పోలీసు రాసిన కాగితం మీద, ఆ బిడ్డ నోటి మాట మీద నిలబడాలి.

అందుకే మొదటి రోజు ఠాణాలో ఏం రాశారన్నది అంత ముఖ్యం. ‘పిల్ల కనబడుటలేదు’ అని రాసి ఊరుకుంటే అది వెతుకులాటగానే మిగిలిపోతుంది. 2013 మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. బిడ్డ కనిపించడం లేదన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని, ఎత్తుకుపోవడమో అక్రమ రవాణానో జరిగిందనే మొదట అనుకోవాలని చెప్పింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. అయినా ‘ఎవడితోనో వెళ్లిపోయి ఉంటుంది, రెండు రోజులు చూడండి’ అనే మాట వినని తండా తల్లి అరుదు. ఆ రెండు రోజుల్లో రైలు ఎంత దూరం పోతుందో కేసముద్రం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

యాదగిరిగుట్ట కేసు దగ్గర కొంచెం ఆగాలి. మన ప్రాంతంలో ఈ నేరం మొత్తం రూపం బయటపడింది అక్కడే. 2018 జులై 30న రాచకొండ పోలీసులు గుట్ట కింద గణేశ్ నగర్‌లోని ఇళ్ల మీద దాడి చేసి 11 మంది బాలికలను బయటికి తెచ్చారు. వారిలో ఏడేళ్లు నిండని వాళ్లూ ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో కొనుక్కొచ్చి, సొంత బిడ్డలని చెప్పి పెంచి, ఈడు రాకముందే వ్యాపారంలోకి దించడం అక్కడ నడుస్తున్న పద్ధతి. త్వరగా ఎదగాలని పిల్లలకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించారని పోలీసులు ఆరోపించారు. ఆ ఇంజెక్షన్లిచ్చిన వైద్యుణ్ని అరెస్టు చేశారు. తర్వాతి రోజుల్లో మరికొందరు పిల్లలు దొరికారు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి ప్రభుత్వాన్ని వివరణ అడిగింది.

కోర్టు కోణంలో అక్కడ మొదట ఎదురైన చిక్కు ‘ఇది నా బిడ్డే’ అన్న వాదన. తల్లినని ఒక ఆడమనిషి గట్టిగా చెబితే, బిడ్డ కూడా ఆమెనే అమ్మా అని పిలిస్తే, రవాణా జరిగిందని ఎలా రుజువు చేయాలి? డీఎన్‌ఏ పరీక్షలు చేయించాల్సి వచ్చింది. పరీక్షలో తల్లి కాదని తేలినా కథ ముగియదు. అసలు తల్లి ఎవరు, అమ్మింది ఎవరు, చేతులు మారింది ఎక్కడ అని వెనక్కి నడవాలి. అయిదేళ్ల వయసులో వచ్చిన పిల్లకు ఊరి పేరు గుర్తుండదు. గొలుసులో చివరి కొక్కెం దొరుకుతుంది, మొదటిది దొరకదు. అమ్మినవాడు దొరక్కుండా కొన్నవాళ్ల మీద మాత్రమే నడిచే కేసులో రవాణా ఆరోపణ సగమే నిలుస్తుంది.

రెండో సంగతి, యాదగిరిగుట్టలో పోలీసులు వాడిన ఆయుధాల్లో పీడీ చట్టం ఒకటి. 1986 నాటి ఈ ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టంలో వ్యభిచార వ్యాపారులు ఒక వర్గం. విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించవచ్చు. రాచకొండలో ఈ చట్టాన్ని విరివిగానే వాడారు, ఇళ్లకు తాళాలు వేయించారు. అప్పటి కమిషనర్ మహేశ్ భగవత్‌ను అంతకుముందు ఏడాదే, 2017లో, అమెరికా విదేశాంగ శాఖ తన వార్షిక నివేదికలో ఈ రంగంలో పోరాడినవారి జాబితాలో చేర్చింది. ఆ పట్టుదలను తక్కువ చేయను. కానీ ఏడాది నిర్బంధం శిక్ష కాదు. తీర్పు లేకుండా లోపల పెట్టినవాడు తీర్పు లేకుండానే బయటికొస్తాడు, అతని పేరు మీద నేరం రుజువైనట్టు ఒక్క కాగితం ఉండదు. తెలంగాణలో ఈ చట్టం వాడకాన్ని సుప్రీంకోర్టు 2022లో, 2023లో గట్టిగానే మందలించింది. 14 ఏళ్ల కనీస శిక్ష ఉన్న సెక్షన్ చేతిలో పెట్టుకుని 12 నెలల నిర్బంధంతో సరిపెట్టుకోవడం, నా ఉద్దేశంలో, ప్రాసిక్యూషన్ తన ఓటమిని ముందే ఒప్పుకోవడం.

ఇదే రోజుల్లో ఢిల్లీలో ఇంకోటి జరిగింది. యాదగిరిగుట్ట దాడికి నాలుగు రోజుల ముందు, జులై 26న, మనుషుల అక్రమ రవాణా బిల్లును లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాన్ని చేపట్టనే లేదు. 2019లో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 2021లో మరో ముసాయిదా వచ్చి ముసాయిదాగానే ఉండిపోయింది. హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ 2004లో వేసిన పిటిషన్ మీద, వ్యవస్థీకృత నేరాల దర్యాప్తునకు ప్రత్యేక సంస్థ పెడతామని కేంద్రం 2015లో సుప్రీంకోర్టుకు మాట ఇచ్చింది. అది రాలేదు. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)కు ఈ కేసుల అధికారం ఇచ్చి ఊరుకున్నారు. తండా నుంచి పోయిన ఒక పిల్ల కోసం ఎన్‌ఐఏ వస్తుందని అనుకునేవాళ్లు ఎవరూ లేరు.

పని కోసం తెచ్చిన పిల్లల కేసులు ఇంకా పలుచన. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా బీహార్ పిల్లలను పోలీసులు విడిపించారు. చీకటి గదులు, రోజంతా పని. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో ఇటువంటి పిల్లలను బయటికి తెస్తూనే ఉన్నారు. ఇటుక బట్టీల్లో ఒడిశాలోని బలాంగీర్ వైపు కుటుంబాలు, వాళ్ల వెంట పిల్లలు. మన ఊళ్లలో జీతానికి పెట్టిన పిల్లవాడు ఇంకా పూర్తిగా పోలేదు. గొర్ల వెంట, బర్ల వెంట అలాంటివాళ్లు కనబడుతూనే ఉంటారు. వీళ్ల విషయంలో చాలాసార్లు నమోదయ్యేది బాలకార్మిక చట్టం. దాని కింద మొదటి తప్పుకు 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా. జరిమానా కట్టేసి యజమాని ఇంటికి పోతాడు. పిల్లవాణ్ని రైలెక్కించి తెచ్చిన ముఠా మేస్త్రీ పేరు చార్జిషీటులో కూడా రాదు.

దీనికి పోలీసు బద్ధకం ఒక్కటే కారణం కాదు, చట్టంలోనూ సందులున్నాయి. 143వ సెక్షన్‌లో ‘దోపిడీ’ అంటే శారీరక, లైంగిక దోపిడీ, బానిసత్వం, దాసత్వం, బలవంతంగా అవయవాలు తీయడం. కొత్తగా భిక్షాటన చేర్చారు. వెట్టిచాకిరీ అన్న మాటను విడిగా రాయలేదు. అది బానిసత్వం లాంటిదేనని ప్రాసిక్యూటర్ వాదించి ఒప్పించాలి. ఇంకో సందు మరీ పెద్దది. ఐక్యరాజ్యసమితి 2000లో తెచ్చిన పలెర్మో ఒప్పందం ప్రకారం బాధితుడు పద్దెనిమిదేళ్ల లోపువాడైతే బెదిరించారా, మోసం చేశారా అన్నది రుజువు చేయనక్కర్లేదు. భారత్ 2011లో ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. మన సెక్షన్ మాత్రం పిల్లలకు ఆ మినహాయింపు విడిగా ఇవ్వలేదు. బాధితుల సమ్మతి లెక్కలోకి రాదని అదే సెక్షన్ చెబుతున్నా, బెదిరింపో మోసమో ప్రలోభమో ఏదో ఒకటి చూపించాల్సిందే. ‘అడ్వాన్సు ఇచ్చాం, తల్లిదండ్రులే పంపారు, మోసం ఎక్కడ?’ అని డిఫెన్సు అడిగే ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. దానికి జవాబు సెక్షన్‌లోనే ఉంది: బిడ్డ మీద అధికారం ఉన్న మనిషిని డబ్బుతో లొంగదీయడం కూడా ఆ జాబితాలో ఉంది. ఆ మాటను చార్జిషీటులో రాసినవాడే గెలుస్తాడు.

పసిపిల్లల అమ్మకం వేరే దారి. 1999లో, మళ్లీ 2001లో నల్లగొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులు దత్తత కేంద్రాలకు, అక్కడి నుంచి విదేశాలకు పోతున్నారని బయటపడి రాష్ట్రం అట్టుడికింది. ఆకలి, ఆడపిల్ల భారమన్న భయం, మధ్యలో దళారీ. ఆ తండాలకూ మన తండాలకూ తేడా ఏమీ లేదు. 2024 మేలో హైదరాబాద్ శివారు మేడిపల్లి పోలీసులు ఢిల్లీ, పుణెల నుంచి తెచ్చి అమ్మిన పదిమందికి పైగా శిశువులను గుర్తించారు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద, పేదల దగ్గర కొన్న శిశువును సరోగసీ బిడ్డ అని దంపతులకు అప్పగించిన ఆరోపణపై కేసు నమోదైంది.

ఇక్కడ శిక్ష ఎంత? బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా గరిష్ఠం 5 ఏళ్లు, లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బందే చేస్తే 3 నుంచి 7 ఏళ్లు. పెంచుకోవడానికి కొన్నారు కాబట్టి దోపిడీ లేదు, కాబట్టి 143 వర్తించదు అన్నది డిఫెన్సు వాదం. పైగా 2021 సవరణ 3 నుంచి 7 ఏళ్ల శిక్ష ఉన్న నేరాలను, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు చేయలేని వర్గంలో పెట్టింది. బిడ్డను అమ్మిన నేరం ఆ వర్గంలో పడడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కాదు. వేరే సెక్షన్లు జతచేస్తే గాని పోలీసు కదలలేని స్థితి అది. ఈ సవరణ వెనక్కి పోవాలి.

సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 15న పింకీ కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ఊరట. ఉత్తరప్రదేశ్‌లో పిల్లల్ని దొంగిలించి అమ్మిన ముఠా సభ్యులకు హైకోర్టు ఇచ్చిన బెయిళ్లను రద్దు చేస్తూ, పిల్లల రవాణా కేసుల విచారణను ఆరు నెలల్లో ముగించేలా చూడాలని అన్ని హైకోర్టులకూ చెప్పింది. నవజాత శిశువు మాయమైన ఆసుపత్రి లైసెన్సును సస్పెండ్ చేయాలంది. బెయిల్ మీద అంత కఠినంగా ఎందుకు ఉండాలో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో ఒక ఎయిర్‌హోస్టెస్, పదేళ్లు దాటీ దాటని పాతబస్తీ పిల్ల ఏడుస్తుండగా చూసి, ఆమెను పెళ్లి పేరుతో తీసుకుపోతున్న అరవై ఏళ్ల సౌదీ దేశస్థుణ్ని పట్టించింది. దేశమంతా మాట్లాడుకున్న కేసు. అతనికి బెయిలొచ్చింది, దేశం దాటి పోయాడు. 2017 సెప్టెంబరులో పాతబస్తీ పోలీసులు ఇదే నేరంలో ఒమన్, ఖతర్ దేశస్థులు 8 మందిని, కాజీలతో సహా పట్టుకున్నప్పుడు పెళ్లిళ్లు చేయించే గొలుసు మొత్తం మీద కేసు పెట్టారు. ఇరవై ఆరేళ్లలో దర్యాప్తు నేర్చుకున్నది అది.

సాక్ష్యం సంగతి. పోక్సో ప్రకారం బిడ్డ వాంగ్మూలం కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో పూర్తవాలి. డిఫెన్సు న్యాయవాది నేరుగా బిడ్డను అడగకూడదు, ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జి అడగాలి. నిందితుడి ముఖం బిడ్డకు కనబడకూడదు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ భరోసా కేంద్రంలో ఇందుకోసమే బాలలకు అనువైన కోర్టు తెరిచారు. కానీ బాధితురాలు బీహార్‌లోనో ఒడిశాలోనో ఉంటే? ఇంటికి పంపేసిన పిల్ల మూడేళ్ల తర్వాత సమన్లు అందుకుని, పనులు మానుకున్న తండ్రితో రెండు రోజులు రైల్లో వచ్చి, ఆ రోజు వాయిదా పడితే మళ్లీ వస్తుందా? రాదు. ఈలోగా దళారీ మనుషులు ఆ ఇంటి గడప ఎక్కి రాజీకి ఒప్పించి ఉంటారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రవాణాకు గురైన పిల్లలు సొంత జిల్లా నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పేలా పద్ధతి పెట్టమంది. మహబూబాబాద్‌లో 2022 జూన్ 2 నుంచి జిల్లా కోర్టు పనిచేస్తోంది. మన పిల్ల ముంబయి కేసులో సాక్షి అయితే ఆ కోర్టు గదిలోనే కూర్చుని చెప్పొచ్చు. ప్రాసిక్యూటర్ అడగాలి, అంతే.

వయసు రుజువు మరో గండం. బడి సర్టిఫికెట్, అది లేకుంటే పంచాయతీ పుట్టిన తేదీ పత్రం, రెండూ లేకుంటేనే ఎముకల పరీక్ష అని చట్టం వరస పెట్టింది. ఎముకల పరీక్ష ‘16 నుంచి 18’ అని చెబితే డిఫెన్సుకు పండగే. బడిలో పేరున్న పిల్ల కోర్టులో మైనర్‌గా నిలుస్తుంది. బడి మాన్పించిన పిల్లకు ఆ కాగితం కూడా ఉండదు. ఇక మాటల్లో చిన్నచిన్న తేడాలు పట్టుకుని సాక్ష్యాన్ని కొట్టేసే అలవాటుకు 2025 డిసెంబరులో, బెంగళూరు పీణ్యా కేసులో సుప్రీంకోర్టు అడ్డు చెప్పింది. రవాణాకు గురైన మైనర్‌ను నేరంలో భాగస్వామిగా అనుమానించరాదని, గాయపడిన సాక్షి మాటకిచ్చే విలువ ఇవ్వాలని, నమ్మదగినదైతే ఆమె ఒక్క మాట మీదే శిక్ష వేయవచ్చని అంది.

బయటి దేశం అనగానే బాగా చేస్తారనుకోవద్దు. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి పోయి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో వందల ఇళ్లకు యజమాని అయిన లకిరెడ్డి బాలిరెడ్డి కేసు మనవాళ్లు మరచిపోకూడనిది. సొంత ఊరి పేద కుటుంబాల బాలికలను దొంగ వీసాల మీద తీసుకుపోయి తన ఇళ్లలో పెట్టుకున్నాడు. 1999 నవంబరులో కార్బన్ మోనాక్సైడ్ వాయువు పట్టి ఒక అమ్మాయి చనిపోయింది. ఇంకో అమ్మాయిని వ్యానులోకి ఎక్కిస్తుంటే దారిన పోయే ఒక మహిళ అడ్డుపడడంతో పోలీసులొచ్చారు. అక్కడి హైస్కూలు విద్యార్థి పత్రిక రాసిన కథనంతో సంగతి పెద్దదైంది. అమెరికాలో రవాణా నిరోధక చట్టం 2000 అక్టోబరులో గాని రాలేదు కాబట్టి అది వర్తించలేదు. నేరం ఒప్పుకుని బేరం కుదుర్చుకున్నాడు. 2001లో పడిన శిక్ష 97 నెలలు, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారం. 2008లో విడుదలయ్యాడు. మన చట్టంలో ఈ నేరంలో అటువంటి బేరానికి చోటు లేదు, ఒకరికి మించి పిల్లలైతే కనీసం 14 ఏళ్లు. కానీ వాళ్లు పరిహారాన్ని శిక్షతో పాటే రాబట్టారు. మన దగ్గర వెట్టి నుంచి విడిపించిన బిడ్డకు తక్షణ సాయం 30 వేల రూపాయలు. మిగతా పునరావాసపు లక్షలు వెట్టి రుజువైతేనే, నేరస్థుడికి శిక్ష పడితేనే. కేసు ఓడితే బిడ్డ రెండుసార్లు ఓడినట్టు.

కేసముద్రంలో ఈ వ్యాసం చదివేవారిలో టీచర్లుంటారు, అంగన్‌వాడీ కార్యకర్తలుంటారు, మార్కెట్ హమాలీలు, ఆటో డ్రైవర్లు, వార్డు సభ్యులుంటారు. బడికి రావడం మానేసిన పిల్ల ఎక్కడికి పోయిందో మొదట తెలిసేది మీకే. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఠాణాకు పోయినప్పుడు అది తమ పరిధి కాదంటే, పరిధితో పనిలేకుండా ఏ ఠాణాలోనైనా రాసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, కాదనే హక్కు వాళ్లకు లేదు. రాసిన సెక్షన్లు చదివించుకోండి. 143 లేకపోతే ఎందుకు లేదని అడగండి, బాలల సంక్షేమ సమితికి అర్జీ పెట్టండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు, బాధితులకు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. అడిగి తీసుకోండి.